చేతికి తగిన రంపము

(తోటలు గల తల్లిదండ్రులకును, పై తరగతుల విద్యార్థులకును ఒక పాఠము)

పాఠశాల వార్షిక సంచికలో రంపమును గూర్చిన వ్యాసమేమని కొందరు తలంపవచ్చును. కాని మన బడికి వచ్చు పిల్లలలో అనేకుల యిండ్లు తోపుల నడుమనే యున్నవి. కృష్ణగిరి, కావేరిపట్నం, బరగూరు, వేపనపల్లి ప్రాంతములలో మామిడి ప్రధానమైన పంట. హోసూరు, శూలగిరి, డెంకణికోట, తళి వైపున పొలము గట్లపై నీలగిరి, సిల్వర్ ఓక్, చింత, వేప చెట్లు విస్తారముగ గలవు. చెట్టున్నచోట కొమ్మ కోయు పనియు నుండును. ఒకప్పుడు గొడ్డలితోను చేరంపముతోను జరిగిన ఆ పని నేడు గొలుసు రంపముతో జరుగుచున్నది. అంగడివారు దానిని చైన్‌సా అందురు. పనివారు మిషన్ రంపమందురు. అది నేడు అనేకుల యిండ్లలో విత్తన బస్తాల ప్రక్కనే యున్నది. పిల్లలు తిరుగు యింట నున్న వస్తువును గూర్చి పెద్దలు చక్కగ తెలిసికొనుట అవసరము.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. రంపమును పెద్ద చెట్టును తలచుకొని కొనరాదు. నిత్యము చేయు పనిని తలచుకొని కొనవలెను. దీనిని నేను గ్రంథములలో చదివి కాక, మా యింట రక్తము చూచి నేర్చుకొంటిని.

1. మా తోపులో జరిగినది

శూలగిరి చెంత మాకొక చిన్న మామిడి తోపు కలదు. కొన్ని యేండ్ల క్రిందట కాపు దిగిన పిమ్మట, ఎండుకొమ్మలు తీయించుటకై రంపము కొనగోరి నేనును మా బావగారును అంగడికి పోయితిమి. అంగడిలో చిన్నవి, పెద్దవి వరుసగ నుంచిరి. “పెద్దది కొంటే చిన్న పనీ చేసుకోవచ్చు, చిన్నది కొంటే పెద్ద పని చేయలేరు గదా సార్” అని అచటివారు చెప్పిరి. ఆ మాట మాకు న్యాయముగనే తోచెను. వెలయందును పెద్ద భేదము లేకుండెను. 58 సీ.సీ. ఇంజనును, 22 అంగుళముల బారును గల రంపమును తెచ్చుకొంటిమి.

మొదటి రెండు గంటలు పని వేడుకగ సాగెను. మధ్యాహ్నమునకు మా బావగారి చేతులు వణకసాగినవి. “కాసేపు ఆపుదాం బావా” అని నేనంటిని. “ఈ ఒక్క కొమ్మా అయిపోనీ” అని వారనిరి. వారు కోయుచున్న కొమ్మ ముంజేతి లావు మాత్రమే. అలసిన చేయి క్రుంగుటచే బారు కొన ముందుకు సాగి వెనుకనున్న మరియొక రెమ్మకు తగిలెను. తగిలినంతనే రంపము మీదికెగసి, వెనుకకు వచ్చి, ప్రక్కకు పడుచు మోకాలికి పైన పంచెను చీల్చి చర్మమును కోసెను. ఏడు కుట్లు పడినవి. ఎముకకు తగులకుండుట మా అదృష్టము. ముంజేతి లావు కొమ్మకు ఆ రంపమెత్తుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేయుట వంటిదే గదా!

కొన్ని దినములైన పిదప ఆ రంపమును మామిడి మండీలోని తూనికపై నుంచి చూచితిని. పెట్రోలు, నూనె నింపియున్నప్పుడు అది 7 కిలోల 400 గ్రాములు తూగెను. కొనునపుడు పెట్టెపై చదివిన బరువు ఐదున్నర కిలోలు! ఈ భేదమెట్లు వచ్చెనో ముందు చెప్పెదను.

2. రంపము తేలికయైన కథ

గొలుసుతో కోయుట అనునది మొదట కొయ్య కొరకు పుట్టినది కాదు. 18వ శతాబ్దాంతమున స్కాట్లండులో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అను వైద్యులు శస్త్రచికిత్సలో ఎముకను కోయుటకై పండ్లు గల చిన్న గొలుసును చేతితో లాగుచు వాడిరి. చెట్లను కోయు యంత్రములు 1920 తరువాతి దశాబ్దమున జర్మనీలో రూపొందినవి. 1926లో ఆండ్రియాస్ స్టీల్ విద్యుత్తుతో నడుచు రంపమును, 1929లో పెట్రోలుతో నడుచు దానిని వెలువరించెను. అవి ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క పట్టి మోయవలసిన బరువు గలవి. 1950లో ఒక్క మనుష్యుడు పట్టదగిన రంపము ఆ సంస్థ నుండియే వచ్చెను. దాని బరువు 16 కిలోలు. 1959లో వచ్చినది 12 కిలోలు. నేడు అదేపని చేయు రంపములు ఐదారు కిలోలకు దిగినవి. నూరేండ్లుగ ఈ యంత్రము యొక్క చరిత్ర యంతయు బరువును దించుకొనిన చరిత్రయే. అట్టిచో మనము అంగడికి పోయి బరువైనదానినే వెదకుట విచిత్రము కాదా?

గొలుసు పండ్ల కథయు విద్యార్థులు తెలిసికొనదగినది. అమెరికాలో జోసెఫ్ కాక్స్ అను కట్టెకొట్టువాడు 1946లో ఒక మొద్దులో తొలుచుచున్న పురుగును చూచెను. అది కొయ్యను తన రెండు దవడలతో కుడికి కొంత, ఎడమకు కొంత కొరుకుచు, నారకు అడ్డముగ గాని నిలువుగ గాని సులభముగ సాగిపోవుచుండెను. ఆ దవడల పోలికతో వంకర పండ్లను కుడి యెడమలుగ అమర్చి అతడు గొలుసు చేసెను. 1947 నుండి అమ్మకమునకు వచ్చిన ఆ రూపమే మార్పులతో నేటికిని మన రంపములలో నున్నది. కండ్లు తెరచి చూచువానికి పురుగుకూడ గురువే యగును.

3. బరువును లెక్కించు విధము

పెట్టెపై వ్రాసిన బరువు తరచుగ వట్టి ఇంజను బరువు మాత్రమే. దానికి బారును, గొలుసును చేర్చవలెను. పెట్రోలును, గొలుసుకు పోయు నూనెను చేర్చవలెను. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు తూగును గనుక అర లీటరు తొట్టి నిండిన 370 గ్రాములగును. నూనె పావు లీటరు సుమారు 225 గ్రాములు. బారును గొలుసును కలిసి పొడవునుబట్టి ముక్కాలు కిలో మొదలు కిలోన్నర వరకు నుండును. కావున అంగడిలో “బరువెంత?” అని అడుగుట చాలదు. “బారు, గొలుసు, పెట్రోలు, నూనెలతో కలిపి ఎంత?” అని అడుగవలెను. వీలైనచో తూచి చూడవలెను.

బరువొక్కటియే కాదు, అది యెచట నున్నదియు ముఖ్యమే. నీళ్ళకడవను ఒడ్డునకు దగ్గరగ ఎత్తుట సులభము. చేయి చాచి ఎత్తుట కష్టము. బారు పొడవైన కొలది రంపము ముందుకు తూగును. అప్పుడు మణికట్టు నిరంతరము దానిని పైకెత్తి పట్టవలసియుండును. ముందరి పిడిని పట్టి ఎత్తినపుడు రంపము ఇంచుమించు సమముగ నిలిచినచో అది చేతికి కుదిరినదని తెలియవలెను.

ఇక లెక్క చూడుడు. మేము తరువాత తెచ్చుకొనిన చిన్న రంపము అన్నియు నింపినపుడు 5 కిలోల 200 గ్రాములు తూగినది. పెద్దదానికిని దీనికిని భేదము 2 కిలోల 200 గ్రాములు. తోపులో ఒక దినమున 300 మారులు రంపమెత్తినచో భేదము 660 కిలోలగును. 25 కిలోల మామిడి పట్టు క్రేట్లు 26 అదనముగ ఎత్తిన శ్రమ అది! ఆ శ్రమ సాయంకాలమున ఎచట చేరునో మా బావగారి మోకాలు చెప్పును.

4. మన పని యెంత? బెత్తెడా, జానెడా, మూరెడా?

రంపమును కొనుటకు ముందు తోపులోనికి పోయి కొలువవలెను. కొమ్మ చుట్టు దారము చుట్టి కొలిచి, ఆ కొలతను 7చే గుణించి 22చే భాగించిన కొమ్మ మందము వచ్చును. చుట్టుకొలత 44 సెంటీమీటర్లైనచో మందము 14 సెంటీమీటర్లు, అనగా ఐదున్నర అంగుళములు. ఇది మన పిల్లలు తరగతిలో నేర్చిన లెక్కయే. ఈ కొలతలను వారిచే వ్రాయించుడు.

మన పెద్దల కొలతలలో చెప్పవలెనన్న పనులు మూడు విధములు.

బెత్తెడు లోపలి కొమ్మలు, అనగా సుమారు మూడంగుళములవి. ఏటేటా మామిడి చెట్టు నడుమ వెలుతురు సోకుటకై తీయు కొమ్మలలో అధికము ఇవియే. దగ్గర దగ్గరగ నాటి, చెట్లను ఎత్తు పెరుగనీయని కొత్త తోటలలో ఇంచుమించు అన్నియు ఇవియే. వీనికి మంచి వంకర చేరంపము చాలును. ఎక్కువ చెట్లున్నచో బ్యాటరీతో నడుచు ఆరంగుళముల చిన్న రంపము కొనవచ్చును. అది కిలో, కిలోన్నర మాత్రమే తూగును.

జానెడు లోపలి కొమ్మలు, అనగా తొమ్మిదంగుళముల వరకు గలవి. ముసలి చెట్ల ఎండుకొమ్మలు, గాలివానకు విరిగినవి, వంటచెరకుకై కోయు వేప, సిల్వర్ ఓక్, సర్కారు తుమ్మ మొదలగునవి ఈ తరగతిలోనివి. వీనికి 30 నుండి 40 సీ.సీ. వరకు గల ఇంజనును, 12 లేక 14 అంగుళముల బారును గల రంపము సరిపోవును. కోయు కొయ్య మందముకంటె బారు రెండంగుళములు అధికముగ నున్న చాలును.

మూరెడు మందపు మొద్దులు, అనగా 18 అంగుళముల చెంతనున్నవి. పడిపోయిన చింతమాను, ముదిరిన నీలగిరి మొదలగునవి. వీనికి 50 సీ.సీ.కి పైబడిన ఇంజను, 20 అంగుళముల బారు వలయును. చిన్న రంపముతో వీనికి పూనుకొనరాదు. ఇంజను వేడెక్కి చెడును, గొలుసు మొద్దుబారును, పని ముగియదు. తేలిక రంపమునకును హద్దు కలదని మరువరాదు.

మా తోపులో ఆ యేడు కోసిన కొమ్మలను పిల్లలచే కొలిపించగ పదింట తొమ్మిది జానెడు లోపలివే యని తేలెను. మూరెడు మొద్దు వచ్చినది ఒక్కటే. అదియు గాలికి కూలిన చింత. అట్టిదానికి పెద్ద రంపము గల అనుభవశాలురను ఒక దినము పిలుచుకొనుట మేలు. పదింట తొమ్మిది పనులకు సరిపోవునది కొనవలెను. పదవదానికి కూలి ఇచ్చి చేయించుకొనవలెను. ఇది ఖర్చునకును తక్కువ, ఒడలికిని క్షేమము.

5. పెట్రోలా, కరెంటా, బ్యాటరీయా?

ఇంటి పెరటిలో మాత్రమే పని గలవారికి కరెంటు రంపము చౌక, తేలిక. కాని 2000 వాట్ల యంత్రము 230 వోల్టులపై సుమారు 8.7 ఆంపియర్ల కరెంటు లాగును. సన్నని పొడవాటి తీగ వేసినచో తీగ వేడెక్కి, వోల్టేజి తగ్గి మోటారు చెడును. తీగ గొలుసుకు తగులు ప్రమాదమును గలదు. తడి నేలపై దీనిని వాడనే కూడదు.

బ్యాటరీ రంపమునకు చప్పుడు తక్కువ, పొగ లేదు, త్రాడు లాగు శ్రమ లేదు. అయితే పని మధ్యలో బ్యాటరీ ఉడిగిపోవును గనుక రెండవది దగ్గరనుండవలెను. చిన్నది గదా యని ఒక్క చేత పట్టి, రెండవ చేత కొమ్మను పట్టుకొను అలవాటు మిక్కిలి చెడ్డది. వ్రేళ్ళు తెగుట అట్లే జరుగును.

తోపు దూరముగ నున్నవారికి, దినమంతయు పని గలవారికి పెట్రోలు రంపమే తగును. ఇందులో పెట్రోలునకు టూ స్ట్రోక్ నూనె కలుపవలెను. సూచనల పుస్తకమున 50:1 అని యున్నచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు, 25:1 అని యున్నచో 40 మిల్లీలీటర్లు. ఎక్కువైన పొగయు మసియు పట్టును. తక్కువైన ఇంజను పట్టివేయును. నేటి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. అది గాలిలోని తేమను పీల్చుకొనును గనుక, కలిపిన పెట్రోలును నెలకంటె ఎక్కువ నిలువ యుంచరాదు. పని ముగిసినపుడు తొట్టిని ఖాళీచేసి, ఇంజను తనంత తాను ఆగువరకు నడిపి, పిదప దాచవలెను. “పోయినేడు బాగానే ఉండె, ఈ యేడు స్టార్టు కాలేదు” అను మాటకు తరచుగ కారణమిదియే.

తేలిక రంపమునకు వాడియే ప్రాణము. మొద్దుబారిన గొలుసును మనుష్యుడు బలముతో నొక్కును. అప్పుడు తేలికదియు బరువగును. పొట్టు చిన్న పలుకులుగ రాలినచో గొలుసు వాడిగ నున్నదనియు, పిండివలె రాలినచో మొద్దుబారినదనియు గ్రహింపవలెను. గొలుసునకు తగిన కొలత గల గుండ్రని ఆకురాయితో, చిన్న రంపములకు తరచుగ 4 మిల్లీమీటర్లది, ప్రతి పంటిని ఒకే వాలుగ రెండు మూడు మారులు రుద్దవలెను. మట్టిని, రాతిని తాకిన గొలుసు క్షణములో వాడి పోగొట్టుకొనును.

6. రంపము ఎందుకు వెనుకకెగయును?

గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగమున తిరుగును. బారు అడుగున గొలుసు మనవైపునకు వచ్చును గనుక అడుగుతో కోయునపుడు రంపము కొయ్యవైపునకు లాగబడును; అది క్షేమము. మీది అంచుతో కోయునపుడు రంపము మనవైపునకు నెట్టబడును. అచట జాగ్రత్త వలయును. బారు కొనయొక్క పై భాగము కొయ్యను తాకినచో పండ్లు చిక్కుకొని, ఆ వేగమంతయు రంపమును మీదికిని వెనుకకును విసరివేయును. మా తోపులో జరిగినదిదియే.

దీనినుండి కాపాడుటకై ముందరి పిడి యెదుట చేతి అడ్డు నుంచిరి. రంపమెగసినపుడు అది వెనుకకు నెట్టబడి గొలుసును కన్నుమూసి తెరచునంతలో ఆపును. ఈ గొలుసు బ్రేకు 1970 తరువాతి దశాబ్దమున వాడుకలోనికి వచ్చెను. ఎంత చౌకగ వచ్చినను బ్రేకు పనిచేయని రంపమును కొనరాదు. పిడులకు అదురు తగ్గించు స్ప్రింగులు గాని రబ్బరులు గాని యున్నవో లేవో చూడవలెను. అదురు యేండ్ల తరబడి సోకినచో వ్రేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కు వ్యాధి వచ్చును.

పని చేయునపుడు ఎడమచేతి బొటనవ్రేలు పిడి చుట్టు తిరిగి యుండవలెను. భుజమునకు పైన ఎత్తి కోయరాదు. నిచ్చెనపై నిలిచి కోయరాదు. ఎత్తున నున్న కొమ్మకు దోటికి కట్టిన రంపము మేలు. కంటికి అద్దము, చెవికి మూత, కాలికి గట్టి బూట్లు వలయును. పంచె, లుంగీ, భుజముపై తువాలు ఈ పనికి తగవు.

పెద్ద కొమ్మను మూడు కోతలుగ కోయవలెను. మ్రానుకు కొంత దూరమున అడుగునుండి మూడవవంతు. దానికి కొంచెము వెలుపల పైనుండి రెండవది, కొమ్మ పడిపోవును. మిగిలిన మోటును మ్రాను చెంతనున్న ఉబ్బెత్తు చెడకుండ మూడవది. ఇట్లు చేసిన బెరడు చీలదు. కోసిన చోట మైలుతుత్తము కిలో, సున్నము కిలో, నీరు 10 లీటర్లు చొప్పున వేరువేరుగ కరిగించి కలిపిన పూత పూయవలెను. మామిడికి కాపు దిగిన వెంటనే జూలై, ఆగస్టు మాసములు ఇందుకు అనుకూలము. చందనపు చెట్టు సొంత భూమిలో నున్నను అటవీశాఖవారి అనుమతి లేక దానిపై రంపము పెట్టరాదు.

7. తల్లిదండ్రులకు ఒక మనవి

తేలిక రంపము వలన ఒక కొత్త అపాయమును గలదు. బరువైన రంపమును పదునాలుగేండ్ల పిల్లవాడు సులభముగ ఎత్తి పట్టలేడు. చిన్నదానిని సులభముగ ఎత్తును. “మా వాడు కూడా కోసేస్తాడు” అని మురిసిపోవు తండ్రులను చూచితిని. బరువు తగ్గినది గాని పంటి వాడి తగ్గలేదు. రంపమును తాళము వేసిన గదిలో నుంచుడు. బ్యాటరీని విడదీసి వేరుచోట పెట్టుడు. సెలవులలో తోపుకు వచ్చు పిల్లలను కోయుచోటికి చాల దూరమున నిలుపుడు.

పిల్లలకు ఈ పనిలో పాత్ర లేదని కాదు. కొమ్మలను కొలుచుట, బరువులు లెక్కించుట, నూనె పాలు నిర్ణయించుట, సూచనల పుస్తకమును చదివి తాతగారికి మన తెలుగులో విప్పి చెప్పుట, ఇవన్నియు వారు చేయదగిన పనులు. మా యింట రెండవ రంపమును కొనునపుడు బావగారి కుమార్తె కొలతల కాగితమును పట్టుకొని అంగడికి వచ్చెను. “పదునాలుగంగుళాలది చాలు మామా, లెక్క కట్టినాను” అని ఆమె చెప్పెను. ఆమె తండ్రి మారుమాటాడలేదు. ఆ రంపమే నేటికిని మా తోపున పని చేయుచున్నది.

విద్యార్థులకు అభ్యాసము

1. కొమ్మ చుట్టుకొలత 66 సెంటీమీటర్లు. మందమెంత? అది జానెడు లోపలిదా?

2. 50:1 పాలున 3 లీటర్ల పెట్రోలునకు ఎంత నూనె కలుపవలెను?

3. రెండు రంపముల బరువులలో భేదము ఒకటిన్నర కిలో. దినమునకు 240 మారులు ఎత్తినచో మొత్తము భేదమెంత?

4. మీ తోపులో గాని వీధిలో గాని పది కొమ్మలను కొలిచి, బెత్తెడు, జానెడు, మూరెడు అను మూడు వరుసలలో వ్రాయుడు. మీ యింటికి ఏ రంపము తగునో మీ తండ్రిగారితో కలిసి నిర్ణయింపుడు.

(జవాబులు: 1. 21 సెంటీమీటర్లు; ఔను. 2. 60 మిల్లీలీటర్లు. 3. 360 కిలోలు.)